ఇటుక కన్నా మెత్తని మాలు



ధ్యానభాగములు: లేవీయకాండము 14:33-48, గలతీయులకు 6:1

ఇంగ్లండులో మనలో చాలామంది నూరేళ్ళు దాటిన ఎర్ర ఇటుకల ఇళ్ళలో కాపురముంటున్నాము. మేమూ అలాంటి ఇల్లే కొన్నాము. వెనక గోడలో ఇటుకల మధ్య మాలు వేలు పెడితే పొడిగా రాలేది. నాకు తెలిసిన మందు ఒక్కటే, సిమెంటు. ఒక శనివారం సిమెంటు మాలు గట్టిగా కలిపి సందులన్నీ పూడ్చేశాను. చూడటానికి ఎంతో బాగుంది. మూడు చలికాలాలు గడిచాయి. నేను పూసిన సిమెంటు చెక్కుచెదరలేదు. దాని పక్కనున్న ఇటుకలే పెచ్చులూడిపోయాయి. గది లోపల చెమ్మ ఎక్కింది.

చూడటానికి వచ్చిన ఒక ముసలి మేస్త్రీ నాకు సంగతి విడమరచి చెప్పాడు. 1919కి ముందు కట్టిన ఇళ్ళలో చాలావాటికి సున్నపు మాలే వాడారు. గోడ వాన నీటిని పీల్చుకొని, ఆ మెత్తని సందుల గుండా ఆరిపోతుంది. సిమెంటుతో సందు మూసేస్తే తడి ఇటుకలోనే నిలిచిపోతుంది. మంచు పట్టినప్పుడు ఆ నీరు గడ్డకట్టి ఉబ్బి, ఇటుక ముఖాన్ని పగలగొడుతుంది. మాలు ఎప్పుడూ ఇటుక కన్నా మెత్తగా ఉండాలి. అరిగితే మాలు అరగాలి గాని ఇటుక అరగకూడదు.

ఇది మనకు కొత్త సంగతి కాదు. మన పెద్దలు డంగు సున్నంతో కట్టినవారే. 1591లో చార్మినార్ లేచినప్పుడు, 1824లో ఇంగ్లండులో పేటెంటు పొందిన ఈ సిమెంటు ఎక్కడుంది?

మళ్ళీ పని మొదలుపెట్టాను. ముందు చెమ్మ ఎక్కడినుండి వస్తుందో చూశాను. సందు వెడల్పుకు రెండింతల లోతు వరకు పాత మాలును ఉలితో నెమ్మదిగా తీశాను. ఎన్‌.హెచ్‌.ఎల్‌. 3.5 రకం సున్నం ఒక పాలు, కడిగిన గరుకు ఇసుక మూడు పాళ్ళు పొడిగా కలిపి, కొద్దికొద్దిగా నీరు పోశాను. గోడను తడిపి, మాలును లోపలికి నొక్కి, తడి గోనెపట్టా కప్పాను. చలి 5 డిగ్రీలకు దిగితే పని ఆపాలి. సున్నం చర్మాన్నీ కళ్ళనూ కాలుస్తుంది గనుక తొడుగులు, కళ్ళద్దాలు తప్పనిసరి.

లేవీయకాండములో ఇంటి గోడకు మచ్చ కనబడితే యాజకుడు వెంటనే పూత పూయించలేదు. ముందు చూశాడు. ఏడు దినములు ఆగాడు. మళ్ళీ చూశాడు. మచ్చ వ్యాపిస్తేనే చెడిన రాళ్ళు ఊడదీయించి, గోడ గీకించి, కొత్త రాళ్ళు పెట్టించి, కొత్త అడుసు పూయించాడు. చెడుగును ఉంచలేదు, తొందరా పడలేదు.

నేను నా కుమారుని విషయంలో తొందరపడ్డాను. యూనివర్సిటీకి వెళ్ళాక వాడు ఆరాధన మానేశాడు. ఎందుకని అడగలేదు. ఫోనులోనే వాక్యము మీద వాక్యము గట్టిగా పోశాను. వాడు ఫోను చేయడం మానేశాడు. నేను చెప్పిన మాట తప్పు కాదు, అది నేటికీ చెక్కుచెదరలేదు. పెచ్చులూడింది నా బిడ్డ.

చాలా నెలల తరువాత వాళ్ళమ్మ వండినది పట్టుకొని వాని గదికి వెళ్ళి, ఈసారి వాడు చెప్పేది విన్నాను. మొదటి సంవత్సరం పరీక్ష తప్పి, సంఘములో మన ముఖము చూడలేక రావడం మానేశాడట. వాడింకా ప్రతి ఆదివారమూ రావడం లేదు. కాని ఫోను చేస్తున్నాడు. సున్నము గాలిని పీల్చుకుంటూ నెమ్మదిగానే గట్టిపడుతుంది.

ప్రియులారా, తప్పిపోయినవానిని సాత్వికముతో, మనలను మనము చూచుకొనుచు సరిచేయాలని పౌలు గలతీయులకు వ్రాశాడు. మెత్తని మాలు బలహీనమైనది కాదు, నూరేళ్ళు గోడను మోసింది అదే. మీ ఇంట్లో, మీ సంఘములో ఈ వారము ఏ పగులు పూడ్చబోతున్నారు? మాట కలపకముందు ఆ గోడ ఎందుకు తడిసిందో అడిగారా?

పరలోకపు తండ్రీ, మా మాటలవలన పగిలినవారిని బాగుచేయుము. అరిగే వంతు మాకివ్వుము. యేసు నామములో వేడుకొనుచున్నాము. ఆమేన్.