అక్కర్లేని పిలుపు

మధ్యాహ్నం వంటిల్లు సర్దుకుని కాస్త నడుం వాల్చే వేళకే ఫోను మోగుతుందేం? ఎవరికేమయిందోనని గుండె దడదడలాడుతూ పరుగెత్తుకెళితే, "మేడమ్, మీకు పర్సనల్ లోన్..." అంటుందో తీపి గొంతు. చెప్పొద్దూ, ఒళ్ళు మండిపోతుంది! మా నెల్లిమర్లలో పూర్వం పాతబట్టలకి స్టీలు గిన్నెలిచ్చే ఆవిడ వచ్చేది. వద్దంటే గంప నెత్తికెత్తుకుని పక్కింటికి పోయేది. వీళ్ళకి మన గుమ్మమూ తెలీదు, మన మొహమూ తెలీదు.

మనలాంటివాళ్ళు పడ్డ విసుగు వల్లే కాబోలు, నిబంధనలొచ్చాయి. ఇలాంటి ఫోన్లు వద్దనేవాళ్ళ నంబర్లకి 2007లో ట్రాయ్ వారు ఓ జాబితా పెట్టించారు. 2010లోనూ, మళ్ళీ 2018లోనూ కట్టుదిట్టం చేశారు. 1909కి ఫోను చేసి మన నంబరు రాయించుకోవచ్చు. మొత్తం వద్దనొచ్చు, లేదా బ్యాంకులూ బీమాలూ వద్దు, చదువుల సంగతులు మాత్రం రానివ్వండని కూరగాయల్లా ఏరుకోనూవచ్చు. అయినా వస్తే ఫిర్యాదు చెయ్యొచ్చు. దానికి మూడు రోజులే గడువుండేది, 2025లో ఏడు చేశారు.

ఇదంతా నేర్చుకున్న ఉత్సాహంలో ఎదురింటి పిన్నిగారి దగ్గరకెళ్ళాను. బాబాయిగారు జూట్‌మిల్లులో గుమాస్తాగా చేసి రిటైరయిన మనిషి. పోయి ఏడాది దాటింది. బ్యాంకూ, గ్యాసూ అన్నీ ఆ నంబరుకే కనక ఆయన ఫోను ఈవిడే చూసుకుంటోంది. రోజుకి రెండు మూడుసార్లు ఆయన పేరు పెట్టి, "సార్ ఉన్నారా అండీ?" అని ఎవరో ఒకరు. ప్రతిసారీ ఆవిడ "లేరమ్మా" అనాలి. ఎంత నరకం!

"ఇలా ఇవ్వండి పిన్నిగారూ, రెండు నిమిషాల్లో నోరు మూయించేస్తాను," అన్నాను.

ఆవిడ ఫోను ఒళ్ళో పెట్టుకుంది. "ఉండనీ తల్లీ. ఏడుస్తానని బాబాయిగారి మాటెత్తడం అందరూ మానేసినారు. ఇంకా పేరు పెట్టి అడుగుతున్నది ఆళ్ళొక్కళ్ళే."

నాకు నోట మాట రాలేదు. అక్కర్లేని ఫోనని తీర్పు చెప్పడానికి నేనెవర్ని? నిబంధనలు కూడా ఫోను ఎత్తే మనిషి ఇష్టాన్నే అడుగుతాయి, ఎదురింటి తెలివైనదాన్ని కాదు. కానీ, ఆ తీపి గొంతుల్లో ఒకటి రేపు ఓటీపీ అడిగితే? దొంగలు ఆ జాబితా చూసుకుని మరీ ఫోను చెయ్యరు కదా! ఆవిణ్ణి అలా వదిలెయ్యడం మర్యాదా, నిర్లక్ష్యమా? మీరే చెప్పండి. అసలు మేం ఓదార్పనుకుని ఊరుకుంటే కదా, ఆ ఖాళీలోకి అప్పులమ్మేవాళ్ళు చొరబడ్డారు.

ఓటీపీ సంగతి రెండుసార్లు చెప్పాను. తరవాత మెల్లగా, "బాబాయిగారికి దిబ్బరొట్టంటే ప్రాణం కదూ?" అన్నాను.

అంతే! మిల్లు రోజులూ, సైకిలూ, రామతీర్థం శివరాత్రి జాతరా... గంటసేపు చెబుతూనే ఉంది. మధ్యలో ఫోను మోగింది.

"లేరమ్మా," అని, "మాటల్లో ఉన్నాం, తరవాత చెయ్యి," అంది పిన్నిగారు.