కన్నబిడ్డలతో కాగితాలెందుకు?



వయసు మళ్ళిన తల్లిదండ్రులతో ఇల్లు, పొలం, బ్యాంకు డబ్బు గురించి ముందుగా ఒక ఏర్పాటు చేసుకోండని చెబితే తరచు వచ్చే జవాబు ఒకటుంది: "కన్నబిడ్డలతో కాగితాలెందుకు ఫాదర్ గారూ? నమ్మకం లేకనా?" ఈ మాటలో ప్రేమ ఉంది, కాదనలేము. కాని దాని వెనుక ఒక తలంపు కూడ ఉంది. ప్రేమ ఉన్నచోట చట్టానికి, సాక్షులకు, సంతకాలకు పని లేదన్నదే ఆ తలంపు. అది సరైనదేనా? ఈ వారం కలిసి ఆలోచిద్దాం.

ముందుగా ఒక తేడా తెలుసుకోవాలి. దానపత్రం రాసి రిజిస్టరు చేయించి అప్పగిస్తే ఆస్తి అప్పుడే చేయి మారుతుంది. తర్వాత మనసు మారినంత మాత్రాన అది తిరిగి రాదు. వీలునామా అలా కాదు. రాసినవారు కన్నుమూసిన తర్వాతనే అది అమలులోకి వస్తుంది; అంతవరకు ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు. ఈ తేడా పట్టించుకోక, "ఎలాగూ వాడికేగా" అనుకొని, ఉన్న ఒక్క ఇంటిని రాసి ఇచ్చేసేవారున్నారు. ఆ తర్వాత తాము కట్టుకున్న ఇంటిలో తాము ఒకరి దయ మీద బ్రతకవలసి వస్తుంది.

ఇది కొత్త సమస్య కాదు. క్రీస్తు పూర్వం 2వ శతాబ్దంలో రాసిన సీరా జ్ఞానగ్రంథం 33వ అధ్యాయం ఈ సంగతినే చర్చిస్తుంది. ఊపిరి ఉన్నంతకాలం ఆస్తిని ఇతరుల చేతిలో పెట్టి వారి చేతులవైపు చూడవద్దని, పంపకం చివరి దినాలకు ఉంచుకొమ్మని అది హెచ్చరిస్తుంది. తల్లిదండ్రులను గౌరవించడం గురించి అంత గొప్పగా బోధించిన గ్రంథమే ఈ మాట కూడ చెప్పిందంటే, జాగ్రత్తకూ ప్రేమకూ వైరం లేదన్నమాట.

మన దేశ చట్టం కూడ ఈ దారిలోనే నడిచింది. తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లో వచ్చింది. తమను చూసుకోవాలన్న షరతు మీద ఆస్తి రాసి ఇస్తే, తీసుకున్నవారు ఆ మాట తప్పితే, ఆ బదిలీని రద్దు చేయమని ట్రిబ్యునలును కోరవచ్చునని దాని 23వ సెక్షను చెబుతోంది. అయితే ఆ షరతు ఉన్నట్లు తేలాలని సుప్రీంకోర్టు 2022లో స్పష్టం చేసింది. 2025 జనవరిలో మధ్యప్రదేశ్‌కు చెందిన ఒక తల్లి కేసులో అదే కోర్టు దానపత్రాన్ని రద్దు చేసి, ఇల్లు ఆమెకు అప్పగించమంది. ఆ తల్లి వైపు నిలిచిన ఆధారాలలో, ఆమెను చూసుకుంటానని కొడుకు ఇచ్చిన వ్రాతపూర్వక హామీ ఒకటి. మనసులో ఉన్న మాట కాగితం మీద కూడ ఉండడం వలన ఎంత మేలో చూడండి.

ఇక అసలు ప్రశ్నకు వద్దాం. కాగితం రాయించుకోవడం అపనమ్మకమా? నమ్మకం అనేది ఒక మనిషి మీద ఉంచేది. కాని మనిషి ఒక్కడే ఉండడు కదా! కొడుకు మంచివాడే, వ్యాపారంలో దెబ్బతిని అప్పులపాలు కావచ్చు. తల్లిదండ్రుల కంటె ముందే మరణించవచ్చు. అప్పుడు ఇల్లు అప్పులవాళ్ళదో, మరెవరిదో అవుతుంది. కాగితం బిడ్డ మనసును శంకించదు, మారిపోయే కాలాన్ని లెక్కలోనికి తీసుకుంటుంది. అంతేకాదు, అది మంచి బిడ్డను కూడ కాపాడుతుంది. తల్లిని పదేళ్ళు సాకిన కూతురిని "ఆస్తి కోసమే చేసింది" అని అన్నదమ్ములు నిందించకుండా అడ్డు నిలుస్తుంది.

దీనికి ఇంకొక వైపు కూడ ఉంది. కొందరు పెద్దలు ఆస్తిని కొరడాగా వాడతారు. "నా మాట వినకపోతే వీలునామా మారుస్తాను" అని కొడుకును, కోడలిని రోజూ బెదిరిస్తారు. ఇది జాగ్రత్త కాదు, అధికార దాహం. ఎవరికి చెందవలసినది వారికి చెందనివ్వడమే న్యాయమని పునీత తోమా అక్వినాసు బోధించారు. తల్లిదండ్రులకు నీడ, కూడు, మందులు, గౌరవం చెందాలి. బిడ్డలకు భయం లేని బ్రతుకు చెందాలి.

అన్నిటికంటె బరువైన ప్రశ్న వికలాంగ బిడ్డలున్న ఇండ్లలో ఉంది. "మా తర్వాత వీడికెవరు?" అని తల్లి లోలోపల కుమిలిపోతుంది. పైకి మాత్రం "అన్న చూసుకుంటాడులే" అంటుంది. ఆ అన్నను ఎవరైనా అడిగారా? అడగకుండా మోపిన బరువును ప్రేమ అనగలమా? భారత వారసత్వ చట్టం 1925 ప్రకారం, వీలునామా లేకపోతే క్రైస్తవ కుటుంబంలో ఆడ, మగ తేడా లేకుండ బిడ్డలందరికీ సమాన వాటా. వికలాంగ బిడ్డకు కూడ అంతే. కాని ఆ వాటాను ఎవరు కాపాడాలి?

బిడ్డకు 18 ఏళ్ళు నిండిన తర్వాత కన్నవారు కూడ తమంతట తామే చట్టబద్ధ సంరక్షకులు కారు. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యాలు గలవారి కోసం నేషనల్ ట్రస్టు చట్టం 1999లో వచ్చింది. దాని కింద స్థానిక కమిటీకి దరఖాస్తు చేస్తే సంరక్షకుని నియమిస్తారు. జిల్లా కలెక్టరు ఆ కమిటీలో సభ్యులు. సంరక్షకుడు 6 నెలలలోగా ఆస్తుల జాబితాను, ఆపైన ఏటేటా లెక్కలను చూపాలి. నిర్లక్ష్యం చేస్తే తొలగించవచ్చు. తండ్రి రైల్వేలోగాని, ఇతర కేంద్ర ప్రభుత్వ ఉద్యోగంలోగాని పనిచేసినవారైతే, సంపాదించుకోలేని వికలాంగ సంతానానికి జీవితాంతం కుటుంబ పింఛను వచ్చే వీలుంది. తండ్రి బ్రతికుండగానే ఆ బిడ్డ పేరు రికార్డులలో చేర్పించడం మేలు.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ఇంకొక ముఖ్యమైన మాట చెబుతోంది. సంరక్షకుడు వికలాంగుని కలుపుకొని, అతని ఇష్టానుసారం, పరస్పర నమ్మకంతో నిర్ణయం తీసుకోవాలి. కాబట్టి ఆ బిడ్డనూ అడగండి. ఎవరి దగ్గర ఉండడం ఇష్టమో, ఏమంటే భయమో, మాటతోనో సైగతోనో చెప్పనివ్వండి.

కాబట్టి ప్రియ సహోదరీ సహోదరులారా, ఈ సంగతిని జబ్బుపడే వరకు వాయిదా వేయకండి. ఇల్లంతా ఒకచోట కూర్చొని మాట్లాడుకోండి. వీలునామాకు ఇద్దరు సాక్షులు కావాలి. ఆస్తి పొందేవారు గాని, వారి భార్య లేక భర్త గాని సాక్షి సంతకం పెట్టకూడదు, పెడితే వారికి రాసినది చెల్లదు. బ్రతికుండగానే ఇవ్వదలచుకుంటే, మిమ్మల్ని పోషించాలన్న షరతును, ఆ ఇంటిలో జీవితాంతం ఉండే హక్కును పత్రంలోనే రాయించండి. తెలిసిన వకీలుకు ఒకసారి చూపించండి. కాగితాలు ఎక్కడ ఉంచారో కనీసం ఇద్దరికి చెప్పండి. పిల్లలారా, అమ్మానాన్నలు ఈ మాట ఎత్తడానికి మొహమాటపడుతుంటే మీరే ముందుగా ఎత్తండి. "షరతు రాయండి నాన్నా, నేను సంతకం పెడతాను" అని బిడ్డ అనగలిగిన ఇంటిలో నమ్మకానికి లోటేముంటుంది?