చిరుతపులికి పాపమంటునా?

తిరుమల కొండకు నడచి వెళ్ళు భక్తులకు శేషాచలారణ్యము క్రొత్త కాదు. ఇందు కొంత భాగము 1989లో శ్రీ వేంకటేశ్వర జాతీయ వనముగా ప్రకటింపబడినది. 2023 ఆగస్టులో, అలిపిరి నడకదారిని కుటుంబముతో కొండకు వచ్చుచున్న ఆరేండ్ల బాలికను ఈ అడవిలోని చిరుతపులి బలిగొన్నది. విన్నవారెల్లరు కంట తడిపెట్టిరి. "ఎంత పాపిష్ఠి మృగము!" అని పలువురు నిందించిరి. ఆ నిందకు మృగము పాత్రమగునా యనునది విచారింపదగిన విషయము.

చిరుత ఏకాంతచారి. కూనలతోనున్న తల్లి తప్ప తక్కినవి ఒంటరిగనే తిరుగును. తల్లి సుమారు మూడు మాసములు గర్భము మోసి, సాధారణముగా రెండు మూడు కూనలను కని, రాళ్ళసందులందో పొదలందో దాచి పెంచును. ఇంచుమించు రెండేండ్లు వాటిని వెంటనుంచుకొని వేట నేర్పును. ఎండయు నీడయు కలసిన ఆకులక్రింద దాని మచ్చల చర్మము కంటికి కనబడదు. దూరము తరుముట కంటె పొంచియుండి దుముకుట దాని పద్ధతి. జింక, అడవిపంది, కోతి, కుక్క, ఏది దొరకిన నదియే ఆహారము. చీకటివేళ కదలు చిన్న ఆకారము దానికి శిశువని తోచదు.

"ఆకలికి చంపుట సరియే. మేకలదొడ్డిలో దూరినప్పుడు తినగలిగినదాని కంటె ఎక్కువ చంపునుగదా, అది క్రౌర్యము కాదా?" యని అడుగవచ్చును. అట్లు జరుగుట నిజమే. పాఱిపోలేని మంద నడుమ దాని వేటస్వభావము రేగును. అందు ద్వేషము లేదు, లోభము లేదు.

ఇది చేయదగును, ఇది చేయరాదు అని తెలిసి, చేయుటకును మానుటకును శక్తి గలవానికే విధినిషేధములు. శాస్త్రము మనుష్యుని ఉద్దేశించినది. తిర్యగ్జన్మ పూర్వకర్మ ననుభవించుటకే గాని క్రొత్తగ పుణ్యపాపముల నార్జించుటకు కాదని పెద్దల నిర్ణయము. కావున చిరుతకు పాపమంటదు.

"ఆ బిడ్డ ప్రారబ్ధమట్లున్నది" యని చెప్పి ఊరకుండువారును కలరు. ప్రారబ్ధమను మాట తన దుఃఖమును తాను ఓర్చుకొనుటకు చెప్పబడినది. పరుల దుఃఖముపై తీర్పు చెప్పుటకు గాని, చేయవలసినది చేయకుండుటకు సాకుగా గాని చెప్పబడలేదు.

దారిప్రక్కన పాఱవేసిన ప్రసాదశేషమునకు, తినుబండారములకు కుక్కలును అడవిపందులును చేరును. వాటికొఱకు చిరుత వచ్చును. జింకలకు, కోతులకు మేత పెట్టుట భూతదయ యని తలంచువారు ఈ సంగతి ఎఱుగవలెను. ఆ దయవలన అడవిమృగము దారికి మరగును. వెనుక వచ్చు పసివాడు అపాయమున పడును. ఫలము నెఱుగని దయ దయ కానేరదు.

ఆ దుర్ఘటన పిమ్మట, మధ్యాహ్నము రెండు గంటలు దాటిన తరువాత పిల్లలను నడకదారిలోనికి పంపరాదని నియమము పెట్టిరి. గుంపులుగా నడువుడని చెప్పిరి. ఇట్టి నియమములు భక్తికి విఘ్నములని విసుగుకొనరాదు. పసిబిడ్డ చేయి విడువకుండుట, ఎంగిలాకు దారిలో వేయకుండుట, ఇవియును స్వామి కైంకర్యములే.

అంతర్యామియైన శ్రీహరి చిరుతయందును కలడు, బాలికయందును కలడు. అయినను వివేకము నొసగినది మానవునికే. చిరుత తన స్వభావము ననుసరించి జీవించుచున్నది. మానవుడు తన వివేకము ననుసరించి నడువనినాడు దోషము వానిదే యగును.