పూటకూళ్ళవానికి మనము చెల్లించవలసిన లెక్క

వాక్యభాగము: లూకా సువార్త 10:30-37



మంచి సమరయుని ఉపమానము మనకు సండేస్కూలు నాటినుండి తెలిసినదే. యాజకుని గూర్చి, లేవీయుని గూర్చి అనేక ప్రసంగములు వింటిమి. అయితే ఆ కథలో మనము తలంచుకొనని యిద్దరున్నారు. మొదటిది గాయపడినవానిని మోసిన పశువు. మన తెలుగు బైబిలులో 'వాహనము' అని యుండుటవలన అది ప్రాణముగల జీవియని మరచిపోవుదుము. రెండవవాడు పూటకూళ్ళవాడు. సమరయుడు మరునాడు తన దారిన వెళ్ళెను. రోగి మంచము దగ్గర మిగిలినవాడు ఇతడే.

2020వ సంవత్సరములో కరోనా వచ్చినప్పుడు ఈ యిద్దరి విషయములోనే మనకు పరీక్ష కలిగినది.

ఆ మార్చి 22న సాయంకాలము 5 గంటలకు వాకిళ్ళలో నిలిచి, వైద్య సిబ్బంది కొరకు చప్పట్లు కొట్టితిమి, పళ్ళెములు మ్రోగించితిమి. నెల తిరుగకమునుపే, ఏప్రిల్ 19న చెన్నైలో కరోనాతో మరణించిన ఒక వైద్యుని సమాధి చేయనీయక జనులు రాళ్ళు రువ్విరి. తుదకు తోటి వైద్యుడే పార పట్టి ఆ రాత్రి మన్ను పూడ్చవలసివచ్చెను. వైద్య సిబ్బందిని తీవ్రముగా గాయపరచినవారికి 7 సంవత్సరముల వరకు జైలుశిక్ష అని ఏప్రిల్ 22న కేంద్ర ప్రభుత్వము ఆర్డినెన్సు తెచ్చెను.

రాళ్ళు రువ్వినవారిని నిందించుట సులభము. నా సంగతి చెప్పుదును. మన సహోదరి యొకతె ఆసుపత్రిలో నర్సు. ఇల్లు ఖాళీ చేయుమని యజమాని చెప్పెను. అతడును ఆరాధనకు వచ్చువాడే. ఆమె ఫోనుచేసి, "అయ్యగారూ, మీరొక మాట చెప్పండి" అనెను. "ప్రార్థన చేద్దామమ్మా" అంటిని. ప్రార్థన చేసితిని గాని ఆ మాట మాత్రము చెప్పలేదు. కానుకలు తగ్గునేమోనని భయపడితిని. ఆమె పెట్టె సర్దుకొని వెళ్ళిపోయెను. ఆ దినమున ప్రక్కగా పోయిన లేవీయుడను నేనే. తరువాత క్షమాపణ అడిగితిని, ఆమె క్షమించెను. అయినను ఈ ఉపమానము చదువునప్పుడెల్ల నాకు ఆమె పెట్టె కనబడును.

చెన్నపట్టణములో వీధులు ఊడ్చువారిలో, చెత్త ఎత్తువారిలో తరముల క్రిందట వచ్చిన మన తెలుగువారెందరో యున్నారు. లాక్‌డౌన్‌లో వారికి ఇంట కూర్చుండు భాగ్యము లేకపోయెను. వారును పూటకూళ్ళవారే. సమరయుడు పూటకూళ్ళవానికి చప్పట్లు కొట్టలేదు. రెండు దేనారములిచ్చెను. మత్తయి 20వ అధ్యాయము ప్రకారము దేనారము ఒక దినపు కూలి. ఇంకను ఖర్చయినయెడల తానే తీర్చెదననెను. సేవచేయువానికి గౌరవమనగా సరియైన జీతము, మాస్కు, చేతితొడుగులు, తలదాచుకొనుటకు ఇల్లు.

ఇక పశువు సంగతి. హోటళ్ళు మూతపడగా, ఎంగిలి మెతుకులతో బ్రదుకు వీధికుక్కలు ఆకలితో అలమటించెను. పెంపుడు జంతువుల వలన రోగము వచ్చునను వదంతి నమ్మి కొందరు వాటిని వీధిలో విడిచిరి. నిజమునకు మనుష్యుల నుండియే జంతువులకు సోకిన సందర్భములు కలవు. 2021 మే నెలలో హైదరాబాదు నెహ్రూ జూలో 8 సింహములకు కరోనా కనబడెను. జూన్‌లో వండలూరు జూలో ఒక ఆడసింహము మరణించెను.

"మనుష్యులకే అన్నము లేనప్పుడు కుక్కలకేల?" అని కొందరడిగిరి. నా అభిప్రాయమిది. మనిషియు పశువును సమానమని వాక్యము చెప్పదు. సమరయుడు మనిషినే పశువుమీద ఎక్కించెను. అయితే మోసిన పశువునకు మేత వేయక నిద్రపోయియుండునా? నీతిమంతుడు తన పశువుల ప్రాణమును చూచుకొనునని సామెతలు 12:10 భావము. నీనెవెను కనికరించినప్పుడు దేవుడు 1,20,000 మందితోపాటు పశువులను కూడ తలంచెనని యోనా 4:11లో చూచుచున్నాము. భయము మొదట నోరులేని జీవిని వీధిలో పెట్టును. తరువాత దిక్కులేని మనిషిని.

ప్రియులారా, మరల తెగులు రాదని ఎవరు చెప్పగలరు? మీకు అద్దె ఇల్లున్నయెడల, నర్సుకో పారిశుద్ధ్య పనివారికో ఇచ్చుటకు ఈ దినమే తీర్మానించుకొనుడి. వాకిట ఒక గిన్నెడు నీళ్ళు పెట్టుడి. సంఘకాపరులారా, ప్రార్థన చేసిన పిమ్మట చెప్పవలసిన మాట కూడ చెప్పుదము.

ప్రభువు మనలను క్షమించి, బలపరచును గాక. ఆమెన్.