కొడవలికి గ్రీకు పేరు

శాస్త్రం ఎవరి సొత్తు అన్న ప్రశ్నకు మనం ఏనాడో జవాబు చెప్పుకున్నాం: ప్రజల సొత్తు. కాని శాస్త్రపు మాట ఎవరి సొత్తు అన్నది ఇంకా తేలలేదు. రోగికి అర్థంకాని పేరొకటి చెప్పి పంపించడం భాషాలోపం మాత్రమేనా, అన్యాయమా? అన్యాయమేనని నేనంటాను.

వైద్యశాస్త్రపు పేర్లలో చాలా భాగం గ్రీకు, లాటిన్ భాషల నుంచి వచ్చినవి. వాటి గాంభీర్యాన్ని కాస్త పక్కకు తీసి చూడండి. అనీమియా అంటే నెత్తురు లేకపోవడం. ఆర్థ్రైటిస్‌లో ఉన్నది కీలు. డయాబిటిస్ అంటే దాటిపోవడం. తాగిన నీరు తాగినట్టే పోతుందని ఆ పేరు. ఆనాటి గ్రీకు కూలివాడికి కూడా తెలిసిన మాటలతో అల్లినవే ఇవన్నీ. మనకు పరాయివి కాబట్టి గొప్పవిగా కనిపిస్తున్నాయి.

పేరు గొప్పదైనంత మాత్రాన అందులో నిజం ఉంటుందని కూడా లేదు. హిస్టీరియా అన్న మాటకు మూలం గర్భసంచి. స్త్రీ వేదనకంతకూ గర్భసంచే కారణమన్న పురుషాహంకారం ఆ పేరులో శతాబ్దాల తరబడి బతికింది. అమెరికా మానసిక వైద్యుల సంఘం 1980లో గాని తన వర్గీకరణలోంచి దాన్ని తొలగించలేదు. మలేరియా ఇటాలియన్ మాట. చెడుగాలి అని అర్థం. 1897 ఆగస్టు 20న సికిందరాబాదులో రోనాల్డ్ రాస్ దోమ కడుపులో ఆ జ్వరపు క్రిమిని చూశాడు. ఆ దోమను అతను మచ్చల రెక్కల దోమ అని మాత్రమే చెప్పుకున్నాడు. దానికి అనాఫిలిస్, అనగా గ్రీకులో పనికిమాలినది, అన్న పేరు 1818 నుంచీ ఉంది. పేరు పెట్టినవారికి నిజం తెలియలేదు. నిజం చూసినవాడికి ఆ పేరుతో పనిపడలేదు.

ప్రపంచమంతటా వైద్యులకు ఒకే పేరు ఉండాలి గదా అని కొందరు మిత్రులంటారు. ఉండాలి. విజ్ఞానం అంతర్జాతీయం, దాన్ని కాదనడం సంకుచితత్వం. గ్రీకు తీసి సంస్కృతం పెడదామనేవారితోనూ నాకు పేచీయే. కీళ్ళవాపు అనగలిగిన చోట సంధిశోథ అనడం యజమానిని మార్చుకోవడమే.

మా నర్సీపట్నం మన్యానికి గుమ్మం. చింతపల్లి, జి.మాడుగుల వైపు నుంచి జబ్బుపడ్డవాళ్ళు ఇటు దిగివస్తారు. ఆ కొండల్లో ఉన్న జబ్బు సికిల్ సెల్ అనీమియా. కొడవలిని గ్రీకులో ద్రెపనాన్ అంటారు. ఫ్రెంచి వైద్యులు ఆ మాటతోనే ఈ జబ్బుకు పేరు పెట్టుకున్నారు. గుండ్రంగా ఉండవలసిన ఎర్రకణం కొడవలిలా వంగి, సన్నని నాళాల్లో ఇరుక్కుంటుంది. ఒళ్ళంతా నొప్పులు పుడతాయి. కొడవలి పట్టి పంట కోసే మనిషికి ఇది అర్థంకాని విషయమా?

దీని నిర్మూలనకు 2023లో జాతీయ కార్యక్రమం మొదలైంది. పరీక్షలు జరగడం మంచిదే. అయితే తల్లిదండ్రుల్లో ఒక్కరి నుంచే ఈ లక్షణం వచ్చినవారు సాధారణంగా రోగులు కారు. పైగా తీవ్రమైన మలేరియా నుంచి వారికి కొంత రక్షణ కూడా ఉంది. అటువంటి ఇద్దరు పెళ్ళాడితే, పుట్టే ప్రతి బిడ్డకూ జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. ఈ తేడా చెప్పకుండా పేరొక్కటే చీటీ మీద రాసి ఇస్తే, ఏ రోగమూ లేని పిల్ల ఊళ్ళో రోగిష్టిదవుతుంది. ఆమె పెళ్ళి చెడుతుంది. మాట దాచినవారు ఆ నష్టానికి బాధ్యులు కారా?

ఇక్కడ తెలుగు మేధావులమైన మనం ఒకటి గుర్తుంచుకోవాలి. కువి మాట్లాడే కోందు తల్లికి మన తెలుగే గ్రీకు. సవర పిల్లలకు సవర భాషలోనే చదువు చెప్పాలన్న గిడుగు రామమూర్తి వారసులమని చెప్పుకునేవాళ్ళం, ఆమెకు తెలుగులో చెప్పి చేతులు దులుపుకోలేం.

గ్రీకు పేరు చీటీ మీద ఉండనివ్వండి. దాని అర్థం మాత్రం ఇంటిభాషలో రోగి చెవిన పడాలి. ఆ పనికి వైద్యులతో, ఆశా కార్యకర్తలతో కలిసి విద్యార్థులు, ఉపాధ్యాయులు పూనుకోవాలి. విన్న మనిషి ఎదురుప్రశ్న వేయగలిగినప్పుడే మన పని జరిగిందని లెక్క.