మకుటము శాసించు పాదము

నిత్యపారాయణమున మకుటము రాగానే గబగబ చదివి ముగించువారు కలరు. పద్యభావము అంతకు ముందే పూర్తియైనదని వారి తలంపు. 17వ శతాబ్దమున కంచర్ల గోపన్న భద్రాద్రిరామునకు సమర్పించిన దాశరథీ శతకము విషయమున ఈ తలంపు చెల్లదు.

ఉత్పలమాల పాదమునకు 20 అక్షరములు, యతిస్థానము 10వది. చంపకమాలకు 21, యతి 11వది. ఆ శతక మకుటము సరిగా 11 అక్షరములు. కనుక వృత్తమేదైనను నాలుగవ పాదమున స్వామి సంబోధనలోని ‘దా’ యతిస్థానముననే నిలుచును. దానితో మైత్రి కుదురుటకై ఆ పాదము సాధారణముగా త, థ, ద, ధలలో ఒకదానితో, తగిన అచ్చు కూడి, మొదలుకావలెను. కడపట వినవచ్చు పిలుపు పాదారంభమునే శాసించుచున్నది! రెండవ అక్షరమునకు ప్రాసనియమము ఉండనే ఉన్నది. ఈ రెండు కట్టుబాట్ల నడుమ నూరు పద్యములకు పైగా ఆర్తి చెడకుండ నడపుట సామాన్యమా?

చదువువారు మకుటమునకు ముందు ఊపిరి నిలిపి, ‘దా’ అను గురువును నిండుగా పలుకవలెను. అప్పుడు పాదపు తొలి అక్షరము చెవిలో మరల మ్రోగును.