వారానికో సాయంత్రం

క్రైస్తవ స్త్రీల కూడికల్లో తల్లుల గురించి ప్రసంగం మొదలైతే సుసన్నా వెస్లీ పేరు రాక మానదు. మెథడిస్టు సంఘాలకు మూలపురుషుడైన జాన్ వెస్లీ కన్నతల్లి ఆమె. మెదక్‌లో 1924 క్రిస్మస్ నాడు ప్రతిష్ఠ జరిగిన కెథడ్రల్‌ను కట్టించిన మిషనరీలు ఆ సంఘం వాళ్లే కాబట్టి తెలుగువాళ్లకు ఇది పరాయి పేరేమీ కాదు. ఇల్లంతా గోలగా ఉన్నా, ఆమె ఏప్రను ఎత్తి తలమీద కప్పుకుందంటే అమ్మ ప్రార్థనలో ఉందని పిల్లలు గప్‌చిప్ అయిపోయేవారట. చెప్పుకోవడానికి కథ బాగానే ఉంది. అయితే పిల్లల్ని ఎలా పెంచావో రాయమని జాన్ అడిగితే 1732లో ఆమె రాసిన పెద్ద ఉత్తరంలో ఆ ఏప్రను ఊసే లేదు.

ఇంగ్లండులో లింకన్‌షైర్ ప్రాంతంలోని ఎప్‌వర్త్ వాళ్ల ఊరు. భర్త శామ్యూల్ అక్కడి చర్చి గురువు. బాగా చదువుకున్నవాడు, కవి, అప్పులు చేయడంలోనూ దిట్ట. 1705లో బాకీ తీర్చలేక లింకన్ జైల్లో కూర్చున్నాడు. సుసన్నా పందొమ్మిది మందిని కన్నదంటారు. పెరిగి పెద్దయినవాళ్లు పదిమందే. ఇంట్లోనే బడి, అమ్మే పంతులమ్మ. పొద్దున తొమ్మిది నుంచి పన్నెండు, మళ్లీ రెండు నుంచి అయిదు. మాటలు వస్తూనే ప్రభువు ప్రార్థన, అయిదేళ్లు నిండగానే అక్షరాలు. అవీ ఒక్క రోజులో వచ్చేయాలి! ఇద్దరు కూతుళ్లకు రోజున్నర పట్టేసరికి వాళ్లు మొద్దులనుకుందట. మిగతా పిల్లలకు ఎన్నాళ్లు పడుతుందో చూశాక ఆ అభిప్రాయం మార్చుకున్నానని తనే రాసింది. అక్షరాలవగానే మొదటి వాచకం ఆదికాండం మొదటి అధ్యాయం.

ఆ ఉత్తరంలో మింగుడుపడని సంగతులూ ఉన్నాయి. ఏడాది నిండేసరికే పిల్లలకు బెత్తమంటే భయం నేర్పేది. ఏడ్చినా గట్టిగా ఏడవకూడదు. మొండితనం వంచితేనే భక్తికి పునాది పడుతుందని ఆమె నమ్మకం. ఈనాటి తల్లి ఆ పేజీ తిప్పేసి ముందుకు పోవడమే మంచిది. అయితే అక్కడితో ఉత్తరం మూసేస్తే నష్టం. తప్పు ఒప్పుకుంటే దెబ్బల్లేవు. ఒక తప్పుకు ఒకసారే శిక్ష, తర్వాత దాన్ని ఎత్తి దెప్పకూడదు. ఆడపిల్లకు చదవడం బాగా వచ్చేదాకా కుట్టుపని చెప్పకూడదు. మూడు వందల ఏళ్ల కిందట, ఆడపిల్ల చేతికి సూది ఇచ్చే ముందు పుస్తకం ఇవ్వాలని ఒక పల్లె గురువుగారి భార్య కట్టడి చేసుకుంది.

ఆమె చేసిన అసలైన పనికి ప్రేరణ మాత్రం దక్షిణ భారతం నుంచి వెళ్లింది. 1706లో డెన్మార్క్ రాజు పంపగా జీగెన్‌బాల్గ్, ప్లూచౌ అనే ఇద్దరు జర్మన్ యువకులు తమిళ తీరంలోని తరంగంబాడిలో దిగారు. తర్వాతి కాలంలో బైబిలును తెలుగులోకి తెచ్చిన బెంజమిన్ షుల్జ్ కూడా ఆ మిషను మనిషే. ఆ ఇద్దరి ఉత్తరాలు ఇంగ్లీషులో అచ్చయ్యాయి. శామ్యూల్ చదువుకునే గదిలో పడి ఉన్న ఆ పుస్తకం పెద్దకూతురు ఎమీలియా కంటపడింది. తల్లి చదివించుకుని వింది, కదిలిపోయింది. తాను మగవాడినీ కాదు, బోధకురాలినీ కాదు, అయినా ఇప్పుడు చేస్తున్నదానికంటే ఎక్కువే చేయగలనని 1712లో లండన్‌లో ఉన్న భర్తకు రాసింది. మొదలు ఎక్కడంటే, సొంత పిల్లల దగ్గరే.

అలా వారం పంచేసింది. సోమవారం మోలీ, మంగళవారం హెట్టీ, బుధవారం నాన్సీ, గురువారం జాకీ, శుక్రవారం ప్యాటీ, శనివారం ఛార్లెస్, ఆదివారం ఎమీలియా, సూకీ. జాకీ అంటే జాన్, అప్పటికి ఎనిమిదేళ్లు, ఛార్లెస్‌కు నాలుగు. ఆ సాయంత్రం ఎవరిదైతే వాళ్లతోనే ఏకాంతంగా కూర్చుని, ఆ బిడ్డ మనసులో ఏముందో మాట్లాడేది.

మన క్రైస్తవ ఇళ్లలో కుటుంబ ప్రార్థనకు, కంఠత వాక్యాలకు, సండే స్కూలుకు లోటు లేదు. అవన్నీ అందరికీ కలిపి జరిగేవి. నలుగురి మధ్య కళ్లు మూసుకున్న పిల్లవాడికి ఏ సందేహం ఉందో, దేన్ని చూసి భయపడుతున్నాడో ఎవరు అడుగుతారు? పనిమనిషి, పొలం, అప్పులవాళ్లు, చిన్నబిడ్డ, అన్నీ ఉన్న ఇంట్లో ఒక్కో బిడ్డకు ఒక్కో పూట తీసిపెట్టడం బెత్తం పట్టుకోవడంకంటే కష్టమైన క్రమశిక్షణ. ఆ క్రమశిక్షణ తల్లిది. ఆ సాయంత్రాలకు ఇరవై ఏళ్ల తర్వాత, ఆక్స్‌ఫర్డ్‌లో పంతులుగా ఉన్న జాన్, ఒకప్పుడు తనకిచ్చిన గురువారం సాయంత్రంలో కాస్తంత ఇప్పుడూ తనకోసం కేటాయించమని తల్లిని ఉత్తరంలో అడిగాడు. అక్షరాలు ఒక్క రోజులో నేర్పడంకంటే ఇది విలువైనది.

పద్ధతిగా పెంచితే విశ్వాసం వస్తుందా అంటే, ఆ ఇంటి చరిత్ర అవునని చెప్పదు. ఎనిమిదేళ్లకే గ్రీకు కొత్త నిబంధన చదివిందని చెప్పుకునే హెట్టీకి కూడా మంగళవారాలు దక్కాయి. 1725లో ఆమె పెళ్లికాకుండానే గర్భవతి అయితే హడావుడిగా ఒకరికి కట్టబెట్టారు. తండ్రి మళ్లీ ఆమెను దగ్గరికి రానివ్వలేదు. జాన్ సంగతి మరీ విచిత్రం. గురువుగా అభిషేకం పొంది, అమెరికాలో మిషనరీ పనికీ వెళ్లొచ్చిన మనిషి, క్రీస్తు తన పాపాలే తీసేశాడన్న నిశ్చయత 1738 మే 24 రాత్రి లండన్‌లో ఆల్డర్స్‌గేట్ వీధి కూడికలోనే కలిగిందని రాసుకున్నాడు. అప్పటికి ముప్ఫై నాలుగేళ్లు. మరి ఆదికాండం, గురువారాలు, ఇంట్లో చేసిన ప్రార్థనలు?

తల్లికి ఆ నిశ్చయత ఇంకా ఆలస్యంగా వచ్చింది. 1739లో, డెబ్బయ్యో ఏట, ప్రభు భోజనంలో అల్లుడు గిన్నె అందిస్తూ పలికిన మాటలు ఆమె గుండెను తాకాయి. దేవుడు తన పాపాలన్నీ క్షమించాడని అప్పుడు తెలిసిందని జాన్‌తో చెప్పింది. 1742లో ఆమె పోయాక, ఛార్లెస్ సమాధి రాతికోసం రాసిన పద్యంలో, తల్లి డెబ్బయ్యేళ్లూ ధర్మశాస్త్రపు చీకట్లో గడిపిందన్నాడు. ఇది అన్యాయం. చీకట్లో ఉన్న మనిషి తరంగంబాడి కబురు విని సొంత పిల్లల దగ్గరికి అలా నడవదు. నిశ్చయత లేకపోయినా విశ్వాసంతో బతకొచ్చని ఆమె జీవితం చూపిస్తుంటే, కొడుకులు దాన్ని లెక్కలోకి తీసుకోలేదు.

ఆ 1739లోనే జాన్ ఆమెను ఇంకో ప్రశ్న అడిగాడు. పేరున్న ప్రసంగీకుడైన మీ నాన్నగారు శామ్యూల్ అనెస్లీకి ఈ నిశ్చయత ఉండేదా అని. ఉండేది, నలభై ఏళ్లకు పైగా తనకు ఏ అనుమానమూ లేదని చనిపోయే ముందు చెప్పారు, కానీ దాని గురించి ఆయన బోధించగా ఒక్కసారి కూడా విన్నట్టు గుర్తులేదంది. అది ఏ కొద్దిమందికో దక్కే వరమని ఆయన అనుకుని ఉంటారంది. అనెస్లీకి పాతికమంది సంతానమని చెబుతారు. సుసన్నా ఆఖరిది.